గుల్నార్ తాగని నీళ్లు

సామ్యూల్‌కు తన ముక్కు మీద ఉన్న నమ్మకం మనుషుల మీద లేదు. పొద్దున్నే తబేలాలో అడుగుపెట్టి ముందు ఉలవల డబ్బా మూత తీసి వాసన చూసేవాడు. తరువాత నీళ్ల బకెట్. తరువాత గడ్డి మోపు విప్పి గుప్పెడు గుప్పెడుగా నలిపి చూసేవాడు. అన్నీ అయ్యాక గుర్రం పెదవి పైకెత్తి, కనురెప్ప తెరిచి, అప్పుడు గానీ దాని మెడ నిమిరేవాడు కాదు. మంచి వంశంలో పుట్టిన గుర్రానికి ఈ పోలీసు తనిఖీ ఏం నచ్చుతుంది? చెవులు వెనక్కి పెట్టి రోజుకొకసారి విసుక్కునేది.

అది రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది. సిద్దిపేట నుంచి నారాయణరావుపేట పోయే తోవలో మధుసూదన్ రావు దొర తోట ఉండేది. తోటలో తబేలా, తబేలా వెనక ఎర్ర చెల్కలో గుర్రం పరుగెత్తడానికి చదును చేసిన ఇసుక బాట. ఊళ్లో వాళ్లకు గుర్రమంటే పెండ్లికొడుకు ఎక్కేది, కాకపోతే పోలీసు ఠాణా అమీను ఎక్కేది. పందెంలో పరుగెత్తడానికే పెంచే గుర్రం ఒకటి ఉంటుందని, దాని తాతముత్తాతల పేర్లతో ఒక కాగితం ఉంటుందని, దాన్ని తయారు చేసే మనిషికి లైసెన్సు కావాలని విని వాళ్లు నవ్వుకునేవారు. దొర మాత్రం నవ్వేవాడు కాదు. పూనా నుంచి తెచ్చిన గుల్నార్ అనే ఆ ఆడ గుర్రం మీద ఆయన పరువంతా పెట్టుకున్నాడు. దాన్ని తయారు చేసే పని సామ్యూల్‌ది.

సామ్యూల్ పుట్టింది నారాయణరావుపేటలోనే. కరువు వచ్చిన ఏడు తల్లి వెంట బొల్లారం వెళ్లి, తెల్లవాళ్ల పటాలంలో గుర్రాల లద్దె ఎత్తే పనిలో చేరాడు. లద్దె నుంచి గుర్రం ఒళ్లు రుద్దే మాలీసుకు, మాలీసు నుంచి జీను మీదికి, జీను మీద నుంచి ట్రైనర్ లైసెన్సుకు రావడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. లైసెన్సు వచ్చిన నాలుగో ఏట దక్షిణాదిలో ఒక మైదానంలో ఆయన గుర్రం గెలిచింది. గెలిచిన సాయంత్రమే దాని నోటి నురగలో మందు దొరికింది. పెట్టిందెవరో ఇప్పటికీ తెలియదు. తబేలాలో ఏం జరిగినా జవాబు చెప్పవలసింది ట్రైనరే. పందాల లోకంలో అదే రూలు. రెండేళ్లు లైసెన్సు ఆపేశారు. ఆ రెండేళ్లూ సామ్యూల్ టాంగా తోలుకుని బతికాడు. రేసు గుర్రాలను తయారు చేసిన చేతులతో బక్క గుర్రాన్ని కొడుతూ సంతలకు సవారీలు మోశాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఆయనకు ముద్ద దిగేది కాదు.

పోయిన ఏడు మళ్లీ దెబ్బ తగిలింది. పట్నం పక్క లష్కర్ మైదానంలో గుల్నార్ గెలుస్తుందని అందరూ అనుకున్న పందెంలో చివరి నుంచి రెండోది వచ్చింది. అంతకుముందు రెండు రోజులు నీళ్లు ముట్టలేదు, డొక్కలు లోపలికి పోయాయి. ఎవరో ఏదో మందు పెట్టారని, అందుకే నీళ్లు తాగలేదని సామ్యూల్ గట్టిగా నమ్మాడు. పందాలు నడిపే పెద్దలు మాత్రం పాత ఫైలు తెప్పించి చూసి, ఇంకొక్కసారి ఇట్లాంటిది జరిగితే లైసెన్సు బతికినంత కాలం రాదని మొహం మీదే చెప్పారు. సామ్యూల్‌కు అప్పుడు నలభై ఆరేళ్లు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆ లైసెన్సు కాగితం తప్ప ఈ లోకంలో తనదని చెప్పుకోవడానికి ఆయనకు ఏమీ లేదు.

అందుకే ఉలవల డబ్బాకు తాళం పడింది, తాళంచెవి మొలతాడుకు ఎక్కింది. తన చేతి మీదుగా తప్ప గుల్నార్ నోట్లోకి గడ్డిపోచ కూడా పోకూడదని హుకుం. తోట మాలి ముద్దుగా ఒక చెరుకు ముక్క పెట్టబోతే తోట దాటేదాకా తరిమాడు.

గుల్నార్‌ను కడిగి, మాలీసు చేసి, నీళ్లు పట్టే సాయిసు దుబ్బయ్య. ముప్పై ఏళ్ల వాడు. వాళ్ల నాయిన ఎడ్ల బేరగాడు. తండ్రి వెంట సంతలు తిరుగుతూ పెరిగినవాడు కాబట్టి పశువు చెవి కదిపితే దాని మనసులో ఏముందో చెప్పేవాడు. సామ్యూల్‌ను నలుగురిలో సార్ అని, ఇద్దరే ఉన్నప్పుడు అన్నా అని పిలిచేవాడు. దుబ్బయ్య భార్య బుచ్చవ్వ పొద్దునా సాయంత్రం సామ్యూల్‌కు కూడా జొన్న రొట్టెలు కొట్టి పంపేది. మూడేళ్లుగా ఆ రొట్టెలతోనే ఆయన కడుపు నిండుతోంది. అంతమందిని అనుమానించేవాడు ఆ రొట్టెను మాత్రం ఏనాడూ వాసన చూడకుండానే తినేవాడు.

పోయినేటి పందెం తరువాత దుబ్బయ్య ఒకసారి నోరు తెరిచాడు. "నీళ్లు మారినయన్నా. దానికి గా నల్లా నీళ్లు పడలే. మా నాయిన ఎడ్లను పొరుగూరి సంతకు తోలుకపోయేటప్పుడు..."

"ఇది ఎద్దు కాదు దుబ్బయ్యా," అని సామ్యూల్ అక్కడికక్కడే తుంచేశాడు. "దీని ముత్తాతలు ఇంగ్లండుల రాజుగారి ముంగట ఉరికినయి. నీ సంత ముచ్చట్లు నా దగ్గర చెప్పకు." దుబ్బయ్య మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఈ ఏడు పందానికి మూడు వారాలుందనగా సామ్యూల్ ముక్కుకు ఏదో తగలడం మొదలైంది. బకెట్ అడుగున సన్నటి ఘాటు. కడిగిన బకెట్‌కు ఘాటెక్కడిది? మరోరోజు గుల్నార్ రోజూ తాగే దానికంటే అర బకెట్ ఎక్కువ తాగింది. ఎండ కూడా లేదు. ఇంకోరోజు దుబ్బయ్య సంతలో ఎవరో టోపీవాలాతో చెట్టు చాటున గుసగుసలాడుతున్నాడని దొర బండి తోలే ఎల్లయ్య వచ్చి చెప్పాడు. ఎల్లయ్యకు సాయిసు పని మీద ఎప్పటి నుంచో కన్నుంది. ఆ సంగతి సామ్యూల్‌కు తెలుసు. అయినా ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

"సంతల ఎవరితోటి మాట్లాడినవ్?" అని అడిగాడు.

"మా నాయిన దోస్తు అన్నా. ఎడ్లాయన," అన్నాడు దుబ్బయ్య. అంటూ కళ్లు దించుకున్నాడు.

ఆ దించుకున్న కళ్లు సామ్యూల్‌కు చాలు. ఆ రోజు నుంచి దుబ్బయ్య నవ్వితే ఒక అర్థం, నవ్వకపోతే ఇంకో అర్థం. మాలీసు గట్టిగా చేస్తే దొంగ ప్రేమ, మెల్లగా చేస్తే పరధ్యానం. రొట్టెలు తెచ్చినప్పుడు మాత్రం మామూలుగా కూర్చుని తినేవాడు. మనిషి బుద్ధి అంత వింతగా పనిచేస్తుంది మరి.

పందెం పది రోజులుందనగా, తెల్లవారి వెలుగు అప్పుడే పడుతుండగా, సామ్యూల్ ముందు వాకిలి విడిచి గడ్డి కొట్టం వైపు నుంచి తబేలాలోకి వచ్చాడు. దుబ్బయ్య వీపు ఇటు పెట్టి, బకెట్‌లో మోచేతి దాకా చెయ్యి ముంచి ఏదో కలుపుతున్నాడు. గుల్నార్ మూతి ముందుకు చాపి, పాలకు ఆగలేని దూడలా కాలు నేలకేసి కొడుతోంది.

"ఏంది గది?"

దుబ్బయ్య ఉలిక్కిపడ్డాడు. రెండో చెయ్యి నడుము దగ్గరికి పోయింది. సామ్యూల్ ఆ చెయ్యి పట్టి మెలితిప్పాడు. రుమాలు ముడిలోంచి మోదుగు ఆకులో చుట్టిన ముద్ద ఒకటి కింద పడింది. నిమ్మకాయంత ఉంది. నల్లగా, జిగటగా, వేలికి అంటుకునేట్టుంది.

నల్లమందు. దక్షిణాది మైదానంలో ఆ సాయంత్రం, పెద్దల మొహాలు, టాంగా, బక్క గుర్రం, అన్నీ సామ్యూల్ కళ్ల ముందుకు వచ్చాయి.

"ఎన్ని దినాల సంది ఏస్తున్నవ్?"

"పన్నెండు... పదమూడు దినాలాయెనన్నా. తప్పేం లేదన్నా, నీళ్లు తాగనీకె. అది మంచిగ నీళ్లు తాగాల్నని."

మామూలు మనిషి ఈ మాటకు నవ్వేవాడేమో. పందాల మనిషికి మాత్రం ఇంతకంటే పెద్ద ఒప్పుకోలు ఉండదు. గెలిచే గుర్రాన్ని ఆపాలంటే దొంగలు చేసే పని అదే. దాహం పుట్టించి, పందానికి ముందు కడుపునిండా నీళ్లు పట్టిస్తారు. బరువెక్కిన పొట్టతో గుర్రం పరుగెత్తలేదు, చూసేవాళ్లకు ఏమీ తెలియదు. ఈ ఉపాయం ఊళ్లో సాయిసుకు ఎవరు నేర్పారు? ఆ టోపీవాలానే. ఇక సామ్యూల్‌కు ఏ సందేహమూ లేదు. లెక్కంతా సరిపోయింది.

"మూడేండ్లు తమ్ముని లెక్క సూసుకున్న కదరా!" అని అరిచాడు. కోపంతో పాటు ఏడుపు కూడా వచ్చింది.

దొర వచ్చాడు. "ఎవడు పంపిండ్రా నిన్ను?" అని చెంప మీద కొట్టాడు.

"ఎవ్వలు పంపలే దొరా, నీ బాంచెను. ఎడ్ల మందు అది. బెల్లం..."

"నోరు ముయ్యి. సామ్యూలూ, నువ్వు చెప్పు. ఏందిది?"

"నల్లమందు దొరా," అన్నాడు సామ్యూల్. నల్లమందని తేల్చుకున్నాక అందులో చూడటానికి ఇంకేమీ ఉన్నట్టు ఆయనకు తోచలేదు.

దొర ముద్దను కత్తితో రెండు చేశాడు. ఒక సగం సాక్ష్యంగా అమీను దగ్గరికి, దానితో పాటే దుబ్బయ్య కూడా. రెండో సగం సామ్యూల్ తన రేకు పెట్టెలో, లైసెన్సు కాగితం పక్కన పెట్టుకున్నాడు. లష్కర్‌లో ఎవరైనా వేలెత్తి చూపితే, దొంగను నేనే పట్టి ఇచ్చాను అని చూపించవచ్చు.

ఆ సాయంత్రం రొట్టెలు రాలేదు. బుచ్చవ్వే వచ్చింది. తబేలా గడప అవతల నిలబడి, "అన్నా, ఆయనను ఠాణాల కొడుతున్నరట. ఒక్క మాట చెప్పన్నా," అంది. సామ్యూల్ గుర్రం కాలికి పట్టీ చుడుతూ తల ఎత్తలేదు. ఆమె చాలాసేపు నిలబడి వెళ్లిపోయింది.

ప్రయాణం నాలుగు రోజులు. యుద్ధం ముగిసినా పెట్రోలు కూపన్లు ముగియలేదు, లారీ దొరకదు. ఎల్లయ్య గుర్రాన్ని పట్టుకుని నడిచాడు, వెనక ఎడ్లబండి, బండిలో తోట బావి నీళ్లు నింపిన పీపా. తోవలో బావుల్లో ఎవరేం కలుపుతారోనని సామ్యూల్ కట్టుకొచ్చిన నీళ్లు అవి. ప్రజ్ఞాపూర్‌లో, శామీర్‌పేటలో, ఆగిన ప్రతిచోటా గుల్నార్ ఆ నీళ్లే తాగింది, హుషారుగానే నడిచింది. దొంగను వదిలించుకున్నందుకు ఎంత బాగుందో చూడు అని సామ్యూల్ తనలో తాను అనుకున్నాడు. బొల్లారం దాటేసరికి పీపా అడుగంటింది.

లష్కర్ మైదానంలో నల్లా ఉంది. సామ్యూల్ బకెట్ తానే కడిగి, తానే పట్టి, తానే ముందు ఒక గుక్క తాగి చూసి గుల్నార్ ముందు పెట్టాడు. అది మూతి తడుపుకుని, పెదవి ముడిచి, తల తిప్పేసింది. సాయంత్రం మళ్లీ అంతే. మర్నాడు పొద్దున బండి కట్టించి బొల్లారం బావి నుంచి నీళ్లు తెప్పించాడు. అవీ ముట్టలేదు. ఉలవలు సగం వదిలేసింది. మధ్యాహ్నానికి కళ్లు లోపలికి పోయాయి. మెడ మీద తోలు చిటికెడు పట్టి వదిలితే ముడత అట్లాగే నిలబడింది.

ఇంకో మందెవరో పెట్టారు! మొదట అదే అనుకున్నాడు. ఎల్లయ్య మీద పడ్డాడు. వాడి రుమాలు విప్పించాడు, జేబులు దులిపాడు, నోరు తెరిపించి వాసన చూశాడు. బీడీ కంపు తప్ప ఏమీ లేదు. పక్క తబేలా సాయిసుల మీద, గడ్డి అమ్మేవాడి మీద, తనకు సలాం చెప్పిన గుమస్తా మీద, ఎవరి మీద అనుమానం రాలేదు గనక! ఆ పగలూ ఆ రాత్రీ గుల్నార్ గడప ముందే కూర్చుని కాపలా కాశాడు. ఈగ కూడా లోపలికి పోలేదు. అయినా గుర్రం నీళ్లు ముట్టలేదు.

పందెం రోజు పొద్దున, పేరు నమోదు చేయించడానికి లైసెన్సు కాగితం కావలసి వచ్చింది. రేకు పెట్టె తెచ్చి గుల్నార్ పక్కనే ముక్కాలి పీట మీద పెట్టి మూత తీశాడు. కాగితం అడుగున ఉంది. పైనున్న మోదుగు ఆకు పొట్లం తీసి పీట మీద పెట్టి, లోపల వెతుకుతున్నాడు.

రెండు రోజులుగా తల వాల్చి నిలబడ్డ గుల్నార్ తల ఎత్తింది. ముక్కుపుటాలు ఊగాయి. గొంతులో మెల్లగా, ఎవరినో పిలిచినట్టు సకిలించింది. సామ్యూల్ ఇటు తిరిగేలోపు మెడ చాపి, ఆకుతో సహా ముద్దలో ఒక ముక్క కొరికేసింది.

"ఓరి దేవుడా! నల్లమందు!" సామ్యూల్ దాని దవడలు విడదీసి నోట్లో చెయ్యి దూర్చాడు. గుర్రం ఆ వేళ్లను నాకింది. లాగేసిన చెయ్యి జిగటగా, నల్లగా ఉంది. ఘాటు గుప్పుమంది. బకెట్ అడుగున తగిలిన అదే ఘాటు. ఇప్పుడు ఇంత దగ్గరగా తగిలేసరికి ఆయనకు పేరు తెలిసింది. వాము. నల్లమందులో వాము ఎందుకుంటుంది?

వేలు నోట్లో పెట్టుకున్నాడు.

తియ్యగా ఉంది. నల్లబెల్లం. వాము కారం. పంటి కింద సన్నగా మట్టి రజను, తోట బావి అడుగున ఉండే ఒండ్రు.

ఎడ్లను పొరుగూరికి తోలుకుపోయేవాళ్లు ఏం చేస్తారో దుబ్బయ్య చెప్పబోతే తానే నోరు మూయించాడు. ఆ మిగతా మాట ఇప్పుడు ఈ రుచే చెప్పింది. ఇంటి బావి మట్టి, బెల్లం, వాము కలిపి ముద్ద చేసి, బయలుదేరే ముందు పది పదిహేను రోజులు ఇంటి నీళ్లలోనే కలిపి అలవాటు చేస్తారు. ఆ తరువాత ఏ ఊరి నీళ్లలో ఆ ముద్ద కరిగించినా పశువు ఇంటి నీళ్లనుకుని తాగుతుంది. సంతలో ఆ టోపీవాలా నిజంగా ఎడ్లాయనే; సంత ముచ్చట్లు వద్దని తాను తుంచేసినందుకే దుబ్బయ్య కళ్లు దించుకున్నాడు. పోయినేడు ఎవరూ మందు పెట్టలేదు. మందు వల్ల నీళ్లు మానలేదు. నీళ్లు మానడం వల్లే ఓడింది. లద్దె ఎత్తే రోజుల నుంచి గుర్రాల మధ్య బతికినవాడికి ఇంత చిన్న సంగతి తట్టలేదు. ఎంతసేపూ దొంగ కోసం వెతికాడు. వెతికి వెతికి, గుర్రాన్ని కాపాడుతున్న మనిషిని పట్టి అమీను చేతిలో పెట్టాడు.

మిగిలిన ముద్దంతా బకెట్‌లో పిసికాడు. గుల్నార్ ముక్కు ముంచి తాగింది. ఒకేసారి తాగితే కడుపు నొప్పి వస్తుందని మధ్యలో బకెట్ లాగుతూ, ఆపుతూ, రెండు బకెట్లు పట్టాడు. పడుతున్నంతసేపూ ఆయన కళ్లు కారుతూనే ఉన్నాయి.

తాగినంత మాత్రాన పరుగెత్తగలదని కాదు. రెండు రోజులు ఎండిన గుర్రాన్ని నీళ్ల కడుపుతో ఉరికిస్తే మధ్యలోనే పడిపోతుంది. సామ్యూల్ దొర దగ్గరికి పోయాడు. దొర అప్పటికే అత్తరు పూసుకుని, పట్నం నుంచి వచ్చిన దోస్తులను వెంటేసుకుని కూర్చున్నాడు.

"దొరా, గుర్రాన్ని ఇయ్యాల్ల ఉరికించొద్దు. అది నల్లమందు కాదు. బెల్లం. దుబ్బయ్య తప్పేం లేదు, నాదే తప్పు."

దొర ఆయన్ని పక్కకు తీసుకుపోయాడు. మొహంలో నవ్వు చెరగకుండానే అడిగాడు. "ఎవనికి అమ్ముడుపోయినవ్ సామ్యూలూ? గెలిచే గుర్రాన్ని ఆపమని ఎవడన్నడు?"

సామ్యూల్‌కు ఒక్కసారి దుబ్బయ్య మొహం కనిపించింది. అతని మాటనూ ఇట్లాగే ఎవరూ విననివ్వలేదు.

"దొరా, నేను..."

"సరే, ఉరికించలేకపోతే ఒక పని చెయ్యి. నల్లమందు సాయిసు పెట్టిండు, వాడు ఠాణాల ఉన్నడు అని పెద్దలకు చెప్పు. నా పరువు నిలబడుతది, నీ లైసెన్సు నిలబడుతది. వాడెట్లాగూ లోపలనే ఉన్నడు."

పెద్దల గది దాకా నూరు అడుగులు ఉంటాయి. ఆ నూరు అడుగులూ సామ్యూల్ ఆ మాటే తిప్పి తిప్పి చూసుకున్నాడు. అబద్ధం చాలా సులువుగా ఉంది. కొత్తగా చెప్పేది కూడా కాదు, పది రోజుల కిందట తాను నమ్మి చెప్పిందే మళ్లీ చెప్పడం. గది లోపల ముగ్గురు బల్ల అవతల కూర్చున్నారు. బల్ల మీద పాత ఫైలు అప్పటికే ఉంది.

ఆయన నిజమే చెప్పాడు. గొప్పవాడై చెప్పలేదు. నల్లమందు అనే మాట నోట్లోకి వచ్చేసరికి నాలుక మీద ఆ తీపి ఇంకా ఉంది. అందుకని అనలేకపోయాడు.

"ఆ ముద్ద ఏదీ?" అని వాళ్లలో తెల్లాయన అడిగాడు.

"గుర్రం తాగింది దొరా."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. దొర పెట్టిన కేసు నల్లమందు అంటోంది, సామ్యూల్ బెల్లం అంటున్నాడు. పది రోజుల కిందట నల్లమందన్నదీ తానే. పందెం పొద్దుననే సాక్ష్యాన్ని గుర్రానికి తాగించి, గుర్రాన్ని పందెం నుంచి తీసేయమంటున్నాడు. సామ్యూల్ వాళ్ల కళ్లలోకి చూశాడు. ఆ చూపు ఆయనకు బాగా తెలుసు. ఏళ్ల తరబడి తాను అందరినీ చూసిన చూపు అదే. ఆ స్థానంలో కూర్చుంటే తానైనా నమ్మేవాడు కాదు.

గుర్రాన్ని పందెం నుంచి తీసేశారు. లైసెన్సు తీసుకున్నారు. సిద్దిపేట ఠాణాలో ముద్దలో సగం ఉందని చెబితే, "అది తెచ్చి పరీక్ష చేయిస్తే మళ్లీ విచారిస్తాం," అన్నారు. ఆ ఒక్క దారి మిగిలింది.

మర్నాడు పెట్రోలు లేక బొగ్గుతో నడిచే బస్సు ఎక్కి, మసి మొహంతో మధ్యాహ్నానికి సిద్దిపేటలో దిగి, తిన్నగా ఠాణాకు పోయాడు. అరుగు కింద బుచ్చవ్వ సద్ది గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయన్ని చూసి గిన్నెను చేత్తో కప్పింది. "మళ్ల ఏం చెప్పనీకె వచ్చినవ్?" అంది. సామ్యూల్ లోపలికి పోయాడు.

అమీను అంతా విన్నాడు. బీరువా లోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. "బెల్లమైతే మంచిదే. నువ్వు చెప్తే నేను నమ్మాల్నా? మొన్న నల్లమందన్నది నువ్వే గదా. పట్నం పరీక్షకు పంపిస్త. కాగితం వచ్చేటాల్లకు నెల, నెలన్నర. బెల్లమని వస్తే నీ లైసెన్సు కాగితానికీ పనికొస్తది. అందాక వాడు లోపలనే ఉంటడు."

"నెలన్నర దాకనా అమీన్ సాబ్?"

"సాక్ష్యం ఉన్నంతసేపు కేసు ఉంటది. నేనేం చెయ్య?"

లోపల గదిలో ఎవరో దగ్గారు. దుబ్బయ్య దగ్గు అది. తబేలా దుమ్ముకు రోజూ పొద్దున్నే వినబడే దగ్గు. సామ్యూల్ పొట్లం వైపు చూశాడు. తన ఇరవై రెండేళ్లు ఆ బల్ల మీద ఉన్నాయి. అది పట్నం పోతే తన లైసెన్సు తిరిగి రావచ్చు. అది ఇక్కడ ఉన్నంతసేపూ దుబ్బయ్య లోపల ఉంటాడు.

పొట్లం లాక్కుని విప్పి, ముద్దంతా నోట్లో కుక్కుకున్నాడు.

అమీను లేచి నిలబడ్డాడు. జవాను వచ్చి దవడ పట్టుకున్నాడు. సామ్యూల్ నమిలాడు, మట్టి రజను పళ్ల కింద కరకరలాడుతుంటే నమిలి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే మింగాడు.

"నల్లమందైతే నిమ్మకాయలో సగమంత తిన్న. పొద్దుగూకేటాల్లకు సావాలె," అన్నాడు. "సూడున్రి."

అమీను కాసేపు తిట్టాడు, కాసేపు నవ్వాడు. సామ్యూల్‌ను అరుగు మీద కూర్చోబెట్టి జవానును కాపలా పెట్టాడు. ఎండ అరుగు మీద నుంచి మెట్ల మీదికి, మెట్ల మీద నుంచి గోడ మీదికి పోయింది. సామ్యూల్‌కు ఒక్క ఆవలింత కూడా రాలేదు. మధ్యలో దాహమేసి రెండు చెంబుల నీళ్లు మాత్రం తాగాడు. పొద్దు గూకింది. అమీను వచ్చి కనురెప్ప తెరిచి చూశాడు. సాక్ష్యం లేని కేసు తనకెందుకని గొణుక్కుంటూ తాళంచెవి జవానుకు విసిరాడు.

దుబ్బయ్య గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. కుడిచెయ్యి మురికి గుడ్డలో చుట్టి ఉంది, వేళ్లు వంకరగా వాచి ఉన్నాయి. కళ్లెం పట్టే చెయ్యి అది. సామ్యూల్ లేచి నిలబడ్డాడు.

"గుల్నార్ నీళ్లు తాగిందా?" అని అడిగాడు దుబ్బయ్య.

"తాగింది. రెండు బకెట్లు."

దుబ్బయ్య తల ఊపాడు. బుచ్చవ్వ ఒళ్లోని గిన్నె కింద పెట్టి లేచింది. సామ్యూల్ పెదవులకు అంటుకున్న నల్లటి బెల్లం వైపు చూసింది. ఆమెకు కోపం లేదు, అలిసిపోయి ఉంది.

"గా పొద్దే ఓ సిటికెడు నోట్ల ఏసుకొని సూస్తే అయిపోతుండె గదన్నా," అంది. "మూడేండ్లు నా చేతి రొట్టె తిన్నవ్."

మెట్ల దగ్గర దుబ్బయ్య తడబడ్డాడు. సామ్యూల్ పట్టుకోబోయాడు. దుబ్బయ్య ఆ చేతిని వాచిన తన చేత్తోనే పక్కకు నెట్టి, భార్య భుజం ఆసరా చేసుకుని, ఒక్కొక్క మెట్టే దిగి వెళ్లిపోయాడు.